ప్రాథమిక వైద్యానికి పరిశోధన నెట్‌వర్క్ కట్టబోతున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

దేశంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను పరిశోధన కోసం ఒక్కతాటి మీదికి తెచ్చే పని నీకు అప్పగించారని తెలిసి చాలా సంతోషించాను. దీనికింత ఖర్చెందుకని ఎవరైనా అడిగితే, అమెరికా, బ్రిటన్ సమాచారంతో 1961లో వైద్య పరిశోధకుడు కెర్ వైట్ బృందం వేసిన లెక్క చూపించు. ఒక నెలలో వెయ్యిమంది పెద్దవాళ్లలో 750 మందికి ఏదో ఒక నలత చేస్తుంది. డాక్టరు దగ్గరికి వెళ్లేది 250 మంది. ఆసుపత్రిలో చేరేది 9 మంది, విశ్వవిద్యాలయ ఆసుపత్రి దాకా వెళ్లేది ఒక్కరు. ఆ కొద్దిమందిని చూసి రాసిన వైద్యాన్నే మిగతా అందరికీ చేస్తున్నాం.

సర్వర్లు, సాఫ్ట్‌వేర్ తర్వాత చూసుకోవచ్చు. ముందు ఇరవై, ముప్పై కేంద్రాలను ఎంచుకో. ఉత్సాహంగా ముందుకొచ్చినవే కాదు, మారుమూలవి, డాక్టరు లేక నర్సులే నడిపేవి కూడా వాటిలో ఉండాలి. మొదటి ప్రశ్న వాళ్ల దగ్గర్నుంచే రానివ్వు. పైనుంచి పంపిన ప్రశ్నకు మూడో నెలకల్లా ఖాళీ ఫారాలు తిరిగొస్తాయి.

ఫారం ఒక పేజీ దాటకూడదు, రెండు నిమిషాల్లో నింపేయగలగాలి. 1980లలో అమెరికాలోని యాంబులేటరీ సెంటినెల్ ప్రాక్టీస్ నెట్‌వర్క్ అనే ప్రాథమిక వైద్యుల పరిశోధన నెట్‌వర్క్ జేబులో పట్టే కార్డులతో పని నడిపింది. కోడ్‌లకు ఐసీపీసీ-2 వాడు, అది ప్రాథమిక వైద్యం కోసమే చేసిన అంతర్జాతీయ కోడ్‌ల పట్టిక. జ్వరమని వచ్చిన మనిషికి అప్పటికి కారణం తేలకపోతే జ్వరమనే రాసుకోవచ్చు, దానికి ఏ03 అని కోడ్ ఉంది. ఆసుపత్రుల కోసం చేసిన పట్టిక ఇచ్చి రోగం పేరు రాసి తీరాలంటే, ఊహించి రాస్తారు. అలా వచ్చిన అంకెలు ఎందుకూ పనికిరావు.

ప్రతి కేంద్రం పరిధిలో జనం ఎందరో ముందే తేల్చుకో. అది తెలియని చోట వ్యాధి ఎంతమందికి ఉందో చెప్పకు, వంద సందర్శనల్లో ఎన్నో మాత్రమే చెప్పు.

నమూనా లెక్కలో చాలామంది పొరబడతారు. ఒకే కేంద్రానికి వచ్చేవాళ్లలో పోలికలుంటాయి. ఆ పోలిక ఎంతో చెప్పే అంకెను పోలిక గుణకం అంటారు. కేంద్రానికి 20 మంది చొప్పున తీసుకుని, ఆ గుణకం 0.05 అనుకుంటే, 20లో ఒకటి తీసేసి, 1 + 19 × 0.05 = 1.95. అంటే మామూలు లెక్కకు దాదాపు రెట్టింపు మంది కావాలి. ఒక్కో కేంద్రంలో రోగులను పెంచడంకన్నా కేంద్రాలను పెంచడమే మేలు. ఇంకో మాట, అధ్యయనం మొదలయ్యాక తగిన రోగులు అనుకున్నదానికన్నా ఎప్పుడూ తక్కువే దొరుకుతారు. అందుకే నోటి అంచనా నమ్మక, రెండు వారాలు నిజంగా లెక్కపెట్టించు.

రోగుల పేర్లు కేంద్రం దాటి బయటికి రాకూడదు. పేరుకీ నంబరుకీ లంకె చూపే పుస్తకం కేంద్రంలోనే తాళం వేసి ఉంచాలి. పరిశోధన రోగులకు అన్యాయం చేయకుండా చూసే నైతిక సంఘం అనుమతి ఒక్కచోట తీసుకుంటే అన్నిచోట్లా చెల్లేలా మొదటే ఒప్పందం రాయించు, లేకపోతే అనుమతుల కోసమే ఏడాది గడిచిపోతుంది.

నెల తిరిగేలోగా ప్రతి కేంద్రానికీ దాని అంకెలు, పక్కన అందరి సగటు పంపు. వాళ్లు నీతో నిలబడేది అందుకోసమే. ఆ కాగితం మాత్రం తనిఖీ అధికారుల చేతికి చేరనివ్వకు. ఒక్కసారి దాన్ని చూపించి ఒక్క నర్సును మందలించినా, మరుసటి నెల నుంచి అన్ని కేంద్రాల అంకెలూ చక్కగా కుదిరిపోతాయి, వాటిలో నిజం మాత్రం ఉండదు.

కేంద్రాల చుట్టూ తిరిగే సమన్వయకర్తల జీతాలు ప్రాజెక్టు డబ్బుతో ముడిపెట్టకుండా శాశ్వత నిధి నుంచి వచ్చేలా చూడు. రెండు ప్రాజెక్టుల మధ్య ఆర్నెల్లు ఖాళీ వస్తే వాళ్లు వేరే ఉద్యోగం చూసుకుంటారు, ఆ కేంద్రాలతో కుదిరిన నమ్మకాన్ని మళ్లీ మొదట్నుంచి కూడగట్టుకోవాలి.