పాత ద్రాక్ష రకాలను మళ్ళీ బతికించడం దండగ కాదా?

"కొత్త రకాలు ఇన్ని ఉండగా పాత ద్రాక్షల వెంట పడటం ఎందుకు?" అని అడిగారు. దండగ అనే మాటే నేను ఒప్పుకోను.

ఫ్రాన్స్‌లోని బోర్డోలో వైన్‌కు వాడిన కార్మెనేర్ ద్రాక్ష 19వ శతాబ్దంలో ఫిలాక్సెరా అనే వేరు పురుగు పడ్డాక దాదాపు కనుమరుగైంది. అంతకుముందే చిలీ చేరిన తీగలను అక్కడి రైతులు మెర్లో అనే వేరే ద్రాక్ష రకం అనుకుని పెంచుతూనే ఉన్నారు. 1994లో బుర్సికో అనే ఫ్రెంచ్ నిపుణుడు చూసి, అది కార్మెనేర్ అని తేల్చాడు. ఇప్పుడది చిలీకి పేరు తెచ్చిన ద్రాక్ష. పేరు తెలియకపోయినా తీగను పీకేయని రైతులదే ఆ ఘనత అంటాను.

హన్మకొండలో మా అమ్మమ్మ ఇంటి పెరట్లో, బావి పక్కన అనాబ్-ఎ-షాహి అనే పాత రకం ద్రాక్ష పందిరి ఉండేది. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టూ ద్రాక్ష తోటల్లో ఎక్కువగా ఇదే. పొడుగు కాయ, పల్చటి తోలు, లోపల గింజలు. తర్వాత గింజలేని రకాలొచ్చాయి, తోటలు ప్లాట్లయ్యాయి. ఇప్పుడు గింజ ఉందంటే బండిమీద కూడా పెట్టరు. నర్సరీలో అనాబ్ అని నాకు అంటగట్టిన మొక్కకు రెండేళ్లు నీళ్లు పోస్తే గింజలేని కాయే కాసింది! ఎంత కోపం వచ్చిందో.

ఇల్లు అమ్మేసినప్పుడు అమ్మమ్మ, "పందిరి పోతే పోనీ బిడ్డా, తీగ పోవద్దు" అంది. అది అక్టోబర్, కొమ్మలు కత్తిరించే కాలమే. మామయ్య పెన్సిల్ లావు కొమ్మలను నాలుగేసి కణుపులు ఉండేలా కోసి, తడి గోనెసంచిలో చుట్టి ఇచ్చాడు. గింజ నాటితే తల్లి గుణం రాదు, కొమ్మే నాటాలి. పన్నెండు పెడితే మూడు బతికాయి. వానాకాలంలో ఆకుకు బూజు తెగులు పడితే టెన్షన్‌తో రోజూ తెల్లారగానే పందిరి కింద నిలబడేవాణ్ణి.

మూడో ఏడు మార్చిలో ఒక్క గుత్తి పండింది. పిట్టలు కొట్టకుండా పాత పంచె గుడ్డ చుట్టాను. అమ్మమ్మ ఒక పండు నోట్లో వేసుకుని, గింజలు అరచేతిలోకి తీసి చూసుకుని, "మన బావికాడిదే" అంది. ఇంకో పండు తీసుకుంది.

ఈ అక్టోబర్‌లో కొమ్మలు కోస్తాను. వరంగల్ చుట్టుపక్కల ఎవరికైనా కావాలంటే తడి గోనెసంచి తెచ్చుకోండి.