వార్డు పటం ముందు పెట్టుకుని రాయి

అమ్మా,

అమెరికాలోని నల్లజాతివాళ్ళ గురించీ లాటినోల (లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్ళ) గురించీ నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. పడ్డ శ్రమ కనిపిస్తోంది. కానీ మొదటి పేజీలోనే "నల్లజాతివాళ్ళు లాటినోలను నమ్మరు, లాటినోలు నల్లజాతి అభ్యర్థికి ఓటెయ్యరు" అని తేల్చేశావు. ఫలానా కులం ఓట్లు గంపగుత్తగా ఫలానా పార్టీకి అని రాసే మన ఎన్నికల వార్తలు చదివీ చదివీ, అమెరికా గురించి రాసినా చెయ్యి అటే పోతుంది. 2020 జనాభా లెక్కల్లో లాటినోలు ఆరు కోట్ల పైమాటే. అంతమందికీ ఒకే మనసు ఉంటుందా? 2008లో పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీలప్పుడు కూడా చాలామంది ఇదే మాట అన్నారు. నవంబరులో అసలు ఎన్నికల్లో లాటినో ఓటర్లలో మూడింట రెండు వంతులమంది ఒబామాకే వేశారు.

నా సలహా, ఒక్క మనిషిని పట్టుకో. బార్బరా జోర్డన్‌ను తీసుకో. టెక్సస్ రాష్ట్రంలోని హ్యూస్టన్ ఐదో వార్డులో పుట్టి, 1972లో అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్‌కు ఎన్నికైన నల్లజాతి మహిళ. నల్లజాతివాళ్ళ ఓటును కాపాడే 1965 నాటి ఓటు హక్కు చట్టాన్ని 1975లో పొడిగించాల్సి వచ్చినప్పుడు, టెక్సస్‌లో స్పానిష్ మాట్లాడే మెక్సికన్ అమెరికన్లకూ అది వర్తించాలని ఆమె పట్టుబట్టారు. ప్రాణాలొడ్డి సాధించుకున్న చట్టం అది. కదిపితే ఉన్నది కూడా పోతుందేమోనని నల్లజాతి నాయకుల్లోనే కొందరు భయపడ్డారు. ఆ భయాన్ని తేలిగ్గా తీసెయ్యకు, అది కూడా రాయి. చివరికి ఆమె మాటే నెగ్గింది. ఇవాళ న్యూయార్క్ క్వీన్స్‌లో బెంగాలీ బ్యాలెట్ ఉందంటే, ఇతర భాషలవాళ్ళకు వాళ్ళ భాషలోనూ బ్యాలెట్ ఇవ్వాలన్న ఆ సవరణ చలవే.

అదే జోర్డన్ 1990లలో వలస సంస్కరణల కమిషన్‌కు అధ్యక్షత వహించారు. తక్కువ జీతాల కార్మికులకు పోటీ పెరుగుతోందని, చట్టబద్ధ వలసలను ఏడాదికి 5,50,000కు తగ్గించమన్నారు. లాటినో సంఘాలు వ్యతిరేకించాయి. మరోపక్క, అమెరికా గడ్డ మీద పుట్టిన బిడ్డకు పౌరసత్వం తీసెయ్యాలన్న వాదనను ఆమే గట్టిగా ఎదిరించారు. నువ్వు రాసిన రెండు వాక్యాల్లో ఈమెకు చోటెక్కడ?

తర్వాత షికాగో చూడు. 1983లో హెరాల్డ్ వాషింగ్టన్ అక్కడ తొలి నల్లజాతి మేయర్ అయ్యారు. లాటినో ఓట్లు లేకుండా ఆ గెలుపు లేదు. అయినా 50 మంది సభ్యుల నగర కౌన్సిల్‌లో 29 మంది ఒక్కటై ఆయన్ని అడుగు కదలనివ్వలేదు. వార్డుల హద్దులు తమ బలాన్ని చీల్చేలా గీశారని నల్లజాతివాళ్ళూ లాటినోలూ కోర్టుకెక్కారు. ఏడు వార్డుల్లో హద్దులు మారి, 1986లో మళ్ళీ ఎన్నికలు జరిగాయి. 26వ వార్డులో మేయర్ పక్షాన నిలబడిన లూయిస్ గుటియెరెజ్ గెలిచాక లెక్క 25–25 అయింది. తేల్చే ఓటు మేయర్‌ది. ఆ వార్డులో ఓడిన అభ్యర్థి కూడా లాటినోయే. నాకు మనసులో నిలిచిపోయిన వివరం ఇదే.

లాస్ ఏంజెలెస్ నగర కౌన్సిల్‌కు చెందిన కొందరు లాటినో నాయకుల మాటలు రికార్డయి 2022లో బయటికొచ్చిన టేపు గురించి రాశావు. ఒక నల్లజాతి పసివాడి గురించి అన్న ఆ నీచమైన మాటలు రాయాల్సినవే. కానీ ఆ లాటినో నాయకులు ఆ గదిలో దేనికి కూర్చున్నారో రాయలేదు. కౌన్సిల్ నియోజకవర్గాల హద్దుల గురించే. షికాగోలో రెండు వర్గాలనూ కలిపిన గీతలే ఇక్కడ విడదీశాయి. నీ వ్యాసం అసలు మొదలయ్యేది అక్కడ.

మొదటి పేజీ తీసేసి మళ్ళీ రాయి. రాయగానే పంపు, ఆ రోజే చదువుతాను.