ఐ స్క్వేర్ 50 దాటకపోతే ఫిక్స్‌డ్ ఎఫెక్ట్ వాడాలా?

ఏడు అధ్యయనాలతో మెటా విశ్లేషణ (వేర్వేరు అధ్యయనాల ఫలితాలను కలిపి ఒకే అంచనా తీయడం) చేశారు, ఐ స్క్వేర్ (ఫలితాల మధ్య తేడాల్లో యాదృచ్ఛికం కానిది ఎంత శాతమో చెప్పే కొలత) 38 శాతం వచ్చింది, 50 దాటలేదు కనుక ఫిక్స్‌డ్ ఎఫెక్ట్ (అన్నిటిలోనూ అసలు ప్రభావం ఒక్కటేనని అనుకునే పద్ధతి) చాలని మీ గైడ్ గారు అన్నారు, సరేనా అని అడిగారు. నేనైతే అలా చేయను. ఆ 50ని పట్టుకుని వేలాడి భంగపడినవాడిని.

నా పీజీ థీసిస్‌లో ఆరు అధ్యయనాలు. ఫారెస్ట్ ప్లాట్‌లో (ఒక్కో అధ్యయనాన్ని ఒక్కో చతురస్రంగా చూపే బొమ్మ, చతురస్రం ఎంత పెద్దదైతే బరువు అంత ఎక్కువ) ఐదు చిట్టి చతురస్రాలు ప్రయోజనం చూపే ఎడమవైపు వరుసకట్టాయి, ఆరోది, అన్నిటికంటే పెద్దది, సరిగ్గా 1 గీత మీద, అంటే ప్రభావమే లేదని చెప్పే చోట, కూర్చుంది. ఫిక్స్‌డ్‌లో, కలిపిన ఫలితాన్ని చూపే వజ్రం గీతను తాకింది. రాండమ్‌లో (అసలు ప్రభావం అధ్యయనానికో రకంగా ఉండొచ్చని ఒప్పుకునే పద్ధతి) ఎడమకు జరిగింది. ఐ స్క్వేర్ 50 దాటిందిగా, సంబరంగా రాండమ్ రాసేశాను. వైవాలో పరీక్షకురాలు ఆ పెద్ద చతురస్రం మీద పెన్ను మొన ఆనించి, "దీని బరువు ఎవరికి పంచిపెట్టావు బాబూ?" అన్నారు. నోట మాట రాలేదు.

రాండమ్ ఎఫెక్ట్స్‌లో ప్రతి అధ్యయనం వేరియన్స్‌కూ (అనిశ్చితి కొలతకూ) ఒకే టౌ స్క్వేర్ (అధ్యయనాల మధ్య తేడా కొలత) కలుస్తుంది. దాంతో బరువులు దగ్గరవుతాయి, పెద్దదాని వాటా చిన్నవాటికి పోతుంది. ఆ చిన్నవి మంచి ఫలితం వచ్చినందుకే అచ్చయినవైతే? గుండెపోటుకు మెగ్నీషియం కథ ఇదే. చిన్న ట్రయల్స్‌ను 1991లో కలిపితే మరణాలు సగానికి పైగా తగ్గినట్టు కనిపించింది. 1995లో 58,050 మందితో వచ్చిన ఐసిస్-4 ట్రయల్‌లో ప్రయోజనమే లేదు. అన్నిటినీ కలిపి ఫిక్స్‌డ్‌లో లెక్కిస్తే మందు పనిచేయదు, రాండమ్‌లో పనిచేస్తుంది! 2002లో 6,213 మందితో వచ్చిన మ్యాజిక్ ట్రయల్‌లోనూ ప్రయోజనం కనిపించలేదు.

అలాగని ఫిక్స్‌డే మేలని కాదు. మీ ఏడింటిలో రోగులు, మోతాదు, వ్యవధి వేరువేరైతే అసలు ప్రభావం ఒక్కటేనని అనుకోవడానికి ఆధారం లేదు, ఐ స్క్వేర్ ఎంతైనా సరే. పైగా ఏడింటితో లెక్కించిన ఐ స్క్వేర్‌నే అంతగా నమ్మలేం. నేనైతే రాండమ్‌నే ప్రధానంగా పెడతాను. కానీ 1986 నాటి డెర్‌సిమోనియన్-లెయిర్డ్ పద్ధతిలో కాదు, తక్కువ అధ్యయనాలున్నప్పుడు అందులో కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు విలువ ఉండగల పరిధి) ఉండాల్సినదానికంటే ఇరుకుగా వస్తుంది. టౌ స్క్వేర్‌ను అంచనా వేయడానికి రెమ్ల్ పద్ధతి, దానికి ఆ ఇంటర్వెల్‌ను సరిదిద్దే హార్టుంగ్-న్యాప్ సవరణ వాడండి. ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లోని మెటాఫర్ ప్యాకేజీలో రెండూ ఉన్నాయి. ప్రిడిక్షన్ ఇంటర్వెల్ కూడా ఇవ్వండి, రేపు ఎనిమిదో అధ్యయనం జరిగితే ఫలితం ఎక్కడ పడవచ్చో అది చూపుతుంది.

గైడ్ గారితో వాదన దేనికి, ఫిక్స్‌డ్ ఫలితాన్ని పక్కనే చూపించండి. రెండూ విడిపోతే చిన్న అధ్యయనాలను అనుమానించండి. ఇంతకీ మీ ఏడింటిలో పెద్దది ఎంతమందితో చేశారో రాయలేదు. అది చెబితే ఇంకాస్త కచ్చితంగా చెప్పగలను.