మంచం పక్కన ఉండిపోయినవాడు పిరికివాడా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. నా వయసు 38. అమ్మకు పక్షవాతం వచ్చి నాలుగేళ్లు దాటింది. కుడి పక్క పడిపోయింది, మాట రాదు. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి వచ్చి, ఇక్కడ ఎరువుల షాపులో లెక్కలు రాస్తున్నాను. నా భార్య కూడా సాయంగా ఉంటుంది. తమ్ముడు విజయవాడలో ఉంటూ సువార్త సభల్లో వాక్యం చెబుతాడు. ఒకసారి వేరే రాష్ట్రంలో దెబ్బలు కూడా తిన్నాడు. అప్పటినుంచి సంఘంలో అందరూ వాణ్ని విశ్వాస వీరుడంటారు. క్రిస్మస్‌కి వచ్చి, అమ్మ మంచం దగ్గర ప్రార్థన చేసి వెళ్లిపోతాడు. మొన్న మా బంధువు ఒకాయన 'వాడు దేవుని కోసం ప్రాణానికి తెగించాడు, నువ్వు ఇంట్లో కూర్చున్నావు' అన్నాడు. ఈ మధ్య అమ్మ మీద అరిచేస్తున్నాను, తర్వాత ఏడుపొస్తోంది. నేను దేవుడికి పనికిరానివాడినా?

జవాబు: బ్రదర్, మీ తమ్ముడు తిన్న దెబ్బలు నిజమైనవే. వాటిని తక్కువ చేసి మిమ్మల్ని ఓదార్చను. కానీ ఆ బంధువు ధైర్యాన్ని కొలిచిన కొలత బైబిల్లో ఉన్నది కాదు. గిద్యోను సంగతి చూడండి. శత్రువులైన మిద్యానీయులకు భయపడి, గానుగ చాటున నక్కి గోధుమలు దుళ్లగొట్టుకుంటున్నాడు. దేవదూత వచ్చి పిలిచిన పిలుపు 'పరాక్రమముగల బలాఢ్యుడా' అని. అప్పటికి ఆయన ఒక్క యుద్ధమూ చేయలేదు. సామెతల గ్రంథం 16వ అధ్యాయమైతే పట్టణాన్ని పట్టుకున్నవాడి కంటే తన మనసును అదుపులో పెట్టుకున్నవాడే గొప్ప అంటుంది.

మన సంఘాల్లో బైబిల్లోని హెబ్రీ పత్రిక 11వ అధ్యాయాన్ని విశ్వాస వీరుల పట్టిక అంటాం. నోవహు, అబ్రాహాము, మోషే వరకు బాగా చెబుతారు. చివరికొచ్చేసరికి ప్రసంగాలు ఎందుకో తొందరపడతాయి. అక్కడ 'కొందరు', 'మరికొందరు' అని మాత్రమే ఉంటుంది. పేర్లు లేవు. గుహల్లో తలదాచుకున్నవాళ్లు, గొర్రెతోళ్లు కట్టుకుని తిరిగినవాళ్లు. వాళ్లూ అదే పట్టికలో ఉన్నారు.

మీ జిల్లా సంగతే చెబుతాను. గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి మీకు తెలిసే ఉంటుంది. డాక్టర్ అన్నా కుగ్లర్ అమెరికా నుంచి గుంటూరు వచ్చింది 1883లో. మిషన్ వాళ్లు ఆమెను పంపింది ఇళ్లలోని ఆడవాళ్లకు చదువు చెప్పడానికి, వైద్యానికి కాదు. అయినా ఆమె రోగుల్ని వదల్లేదు. ఆసుపత్రి తలుపులు తెరిచింది 1898లో. మనకు గుర్తుండేది భవనం. మధ్యలో ఉన్న పదిహేనేళ్ల ధైర్యం మాత్రం పుళ్లు కడగడం, కాన్పులు చూడడం, మళ్లీ తెల్లారడం లాంటి పనుల్లోనే గడిచింది. మీ నాలుగేళ్లు ఆ వరసలోవే.

ఇక మీకు నచ్చని మాట ఒకటి. ఉత్తరంలో తమ్ముడి గురించి అన్ని వాక్యాలు రాశారు. మీ భార్యకు ఒక్క వాక్యం, అదీ 'సాయంగా ఉంటుంది' అని. మీరు షాపులో ఉన్నప్పుడు అత్తగారి బట్టలు మార్చేది, అన్నం తినిపించేది, ఒంటికి పుళ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క మార్చేది ఎవరు? సంఘం మీ పట్ల చేస్తున్నదే మీరు ఆమె పట్ల చేస్తున్నారేమో చూసుకోండి. ఈ రాత్రే కూర్చుని, నీకు ఎక్కడ కష్టంగా ఉందని అడగండి. ఆమె చెప్పేదాకా మధ్యలో మాట్లాడకండి.

అమ్మ మీద అరవడం తప్పే. అయితే అది విశ్వాసం పోయిన గుర్తని నేను అనుకోను. ఏళ్ల తరబడి సరైన నిద్ర లేని మనిషి చేసే పని అది. మాట పడిపోయినా చాలామంది రోగులకు మనం అనేది అర్థమవుతూనే ఉంటుంది. అందుకే అరిచిన రోజునే దగ్గర కూర్చుని, చెయ్యి పట్టుకుని, 'తప్పయిందమ్మా' అనండి. ఒకసారి మీరూ బీపీ చూపించుకోండి. టెన్షన్ ఎక్కువైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, డబ్బు కట్టనక్కర్లేదు.

అంతా ఒంటరిగా, నోరు మూసుకుని మోయడమే సిలువ మోయడమని మనవాళ్లలో ఒక అపోహ ఉంది. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువు తన శిష్యులను అడిగాడు, నాతో కూడా మెలకువగా ఉండండి అని. సిలువ దారిలో కురేనీయుడైన సీమోను ఆ మాను మోశాడు. ప్రభువే సాయం అడిగి, సాయం తీసుకున్నాడు. మీరు అడగడానికి సిగ్గెందుకు?

కాబట్టి తమ్ముణ్ని అడగండి. సభలో కాదు, బంధువుల ముందు కాదు. ఫోన్‌లో కాకుండా ఇంటికి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. 'నీ సేవను నేను కాదనను. నెలలో ఒక వారం నువ్వు వచ్చి అమ్మ దగ్గర ఉండు, లేదా పగలు ఆయాను పెట్టడానికి నెలనెలా డబ్బు పంపు' అని తేల్చి చెప్పండి. ఎంతవుతుందో ముందే కాగితం మీద రాసుకోండి. పరిచర్య ఉందంటే మార్కు సువార్త 7వ అధ్యాయం కలిసి చదవండి. తల్లిదండ్రులకు ఇవ్వాల్సింది కొర్బాను, అంటే దేవుడికి అర్పించేశామని తప్పించుకునేవాళ్లను యేసు గట్టిగా తప్పుపట్టింది అక్కడే. ఆయన సిలువ మీద ఉండి కూడా తల్లిని ఒక శిష్యుడికి అప్పగించాడన్నది వాక్యం చెప్పేవాడికి నేను గుర్తుచేయాలా?

అతను ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు మీ పాస్టర్ గారి దగ్గరికి వెళ్లండి. అమ్మకు ఇంటికొచ్చి ప్రభురాత్రి భోజనం ఇవ్వమనండి. ఆదివారం ఉదయం రెండు గంటలు అమ్మ దగ్గర ఉండడానికి సంఘంలో ఇద్దరు స్త్రీలను వంతులవారీగా పంపమని అడగండి. ఆ రెండు గంటలూ ముందు మీ భార్యను గుడికి వెళ్లనివ్వండి, మీరు మరుసటి వారం వెళ్లొచ్చు.