రైస్ మిల్లు బెల్టుల చెయ్యి నలిగింది, సేటు సంతకం పెట్టించుకున్నడు... ఇంక కేసు వేయొచ్చా?

డౌట్: సార్, మాది మిర్యాలగూడ దగ్గర. మా ఆయనకు 30 ఏళ్లు, రైస్ మిల్లుల నెలకు 16 వేలు. 2025 ఏప్రిల్ల ఎలివేటర్ బెల్టుకు పుల్లీకి మధ్యల కుడి చెయ్యి పడి నలిగింది, రెండు వేళ్లు తీసేసిండ్రు, మిగిలినవి సరిగ్గ వంగుతలేవు. సేటు ఆస్పత్రికి 60 వేలు కట్టి "ఇంకేం అడగము" అని కాగితం మీద సంతకం తీసుకున్నడు. నడిచే మిషన్ల చెయ్యి పెట్టుడు నీదే తప్పు, అయినా నువ్వు మేస్త్రీ మనిషివి, నాకేం సంబంధం అంటుండు.

జవాబు: వేయొచ్చమ్మా, ఆ కాగితం చూసి భయపడకండి. ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టం 1923, సెక్షన్ 17 ప్రకారం కార్మికుడు తన నష్టపరిహారం హక్కు వదులుకున్నట్టు రాసిచ్చినా అది చెల్లదు. (2025 నవంబర్ 21 నుంచి సోషల్ సెక్యూరిటీ కోడ్ వచ్చింది గానీ మీది అంతకుముందు జరిగిన ప్రమాదం కాబట్టి పాత చట్టమే చూడాలె.) ఇంక ఆ 60 వేలు వైద్యానికి ఇచ్చినవి, పరిహారం కింద ఇచ్చినట్టు కాదు, సెక్షన్ 4 లనే ఆ మాట ఉంది. పైగా వైద్యానికి నిజంగ అయిన ఖర్చంతా యజమానే ఇయ్యాలె, అంటే రేపు ఇంకో ఆపరేషన్ పడ్డా, ఫిజియోథెరపీ పడ్డా ఆ బిల్లులు కూడా అడగొచ్చు.

"నీదే తప్పు" అనే మాట ప్రతి మిల్లుల వినేదే. తాగి ఉండుడు, కావాలని రూల్ ధిక్కరించుడు, సేఫ్టీ గార్డు తీసేసుడు లాంటివి రుజువు చేస్తే తప్ప మామూలు ఏమరుపాటు అడ్డం రాదు. అసలు నడిచే బెల్టుకు, పుల్లీకి గార్డు పెట్టించాల్సింది ఎవరు? అప్పుడు అమల్ల ఉన్న ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 21 ప్రకారం యాజమాన్యమే. మేస్త్రీ ద్వారా పెట్టుకున్నా సెక్షన్ 12 కింద మిల్లు ఓనర్ నుంచే వసూలు చేసుకోవచ్చు, తర్వాత మేస్త్రీ, ఆయన చూసుకుంటరు.

లెక్క ఇట్ల ఉంటది: జీతం 16 వేలైనా చట్టం లెక్కకు 15,000 దాకే తీసుకుంటది. అందుల 60 శాతం 9,000, దాన్ని 30 ఏళ్ల వయసుకు చట్టం పట్టికల ఉన్న 207.98 తోటి గుణిస్తే 18,71,820. ఒక చేతికి రెండు వేళ్లు పోతే, ఏ గాయానికి ఎంత శాతమో చెప్పే చట్టం షెడ్యూల్ల 20 శాతం, అంటే 3,74,364 రూపాయలు. కానీ అక్కడనే ఆగకండి, ఎందుకంటే మిగిలిన వేళ్లు బిగుసుకుపోయి బస్తా పట్టలేకపోతుండు కదా, అది కూడా సంపాదించే శక్తి పోయినట్టే. ఎడమ చెయ్యి పోయిన ఒక వడ్రంగికి సుప్రీంకోర్టు నూటికి నూరు శాతం వైకల్యం కిందనే లెక్కకట్టింది (1976ల రిపోర్టయిన ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసు). మీకు నూరు శాతం వస్తదని నేను అనను, 20 కంటే ఎక్కువ కోసం మాత్రం గట్టిగ వాదించొచ్చు.

అందుకే ఫిజియోథెరపీ, ఆర్థో చెకప్ మానొద్దు. నలిగిన చెయ్యి పైకి గాయం మానినా లోపల నరాలు, కండరాలు దెబ్బతిని తిమ్మిరి, బిగుతు నెలలకొద్దీ ఉంటయి. పుండు మానంగనే సర్టిఫికెట్ రాయించుకుంటే తక్కువ శాతం వేస్తరు, చెయ్యి ఇంక ఇంతకంటే మెరుగు పడదని డాక్టర్ చెప్పినంక పట్టు ఎంత ఉంది, వేళ్లు ఎంత వంగుతున్నయి కొలిపించి రాయించుకోండి. నడుమ ఆస్పత్రికి పోకపోతే "బాగయిండు కదా" అంటది అవతలి పక్షం.

ఒక్కటి ముందే చూసుకోండి, జీతంలకెళ్లి ఈఎస్ఐ కోత పడిందా? పడితే ఈ కేసు కాదు, పరిహారం ఈఎస్ఐ నుంచే అడగాలె, ఈఎస్ఐ చట్టం సెక్షన్ 53 అడ్డమొస్తది.

గడువు రెండేళ్లు, అంటే 2027 ఏప్రిల్ల ప్రమాదం జరిగిన తేదీ దాటనీయకుండా నల్గొండల లేబర్ కమిషనర్ ముందర క్లెయిమ్ వేయాలె. నెలలోపు పరిహారం ఇయ్యనందుకు 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుంటే 50 శాతం దాకా పెనాల్టీ కూడా అడగండి. లాయర్ ఫీజు కష్టమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోండి, 15100కి ఫోన్ చేసినా చాలు. పోయేటప్పుడు ఎంఎల్సీ (ప్రమాదం కేసని ఆస్పత్రిల రాసే కాగితం) కాపీ, డిశ్చార్జి కాగితం, ఎక్స్‌రేలు, జీతం పడ్డ బ్యాంకు స్టేట్‌మెంటో ఫోన్‌పే లిస్టో పట్టుకపోండి, అప్పుడు పక్కన పనిచేసిన ఇద్దరు హమాలీల పేర్లు కూడా రాసిపెట్టుకోండి, సీజన్ అయిపోతే వాళ్లు దొరకరు.