కిరాయిదారు ఉన్న ఇల్లు కొన్నారు, ఆయన్ను ఒక్క మాట అడిగారా?

ప్రశ్న: భూపాలపల్లి సింగరేణిలో పనిచేసి రిటైర్ అయ్యాను. నెలనెలా కిరాయిలు వస్తాయని, వచ్చిన డబ్బంతా పెట్టి హనుమకొండలో నాలుగు పోర్షన్ల ఇల్లు కొన్నాను. 2024 ఫిబ్రవరిలో రిజిస్ట్రేషన్ అయింది. కింది పోర్షన్‌లో 2018 నుంచి ఒకాయన 9 వేల కిరాయికి ఉంటున్నాడు (మొదటి మూడు నెలలు ఫోన్‌పేలో వేశాడు). 2024 జూన్ నుంచి, అంటే 20 నెలలుగా, రూపాయి ఇవ్వలేదు. అడిగితే, ఈ ఇల్లు కొనడానికి 2022 జూన్‌లోనే పాత ఓనరుకు 5 లక్షలు బయానా ఇచ్చానని, మూడు నెలల్లో రిజిస్ట్రేషన్ చేయాలని రాసుకున్నామని బాండు పేపరు జెరాక్సు చూపిస్తున్నాడు. పెద్దమనుషుల ముందు నన్నే తిట్టాడు. నా భార్యకు షుగర్, మందులకే పెన్షన్ అయిపోతోంది. టెన్షన్‌తో నిద్ర లేదు. ఈ నెలాఖరుకు వాళ్లంతా మేడారం జాతరకు పోతారు, అప్పుడు కరెంటు తీసేసి తాళం మార్చేద్దామని మా అల్లుడు అంటున్నాడు. చేయవచ్చా? మిగతా మూడు పోర్షన్లకు 11 నెలల అగ్రిమెంట్లు పక్కాగా ఉన్నాయి.
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: చేయకూడదు. ఆ తాళం జోలికి పోవద్దని మీ అల్లుడికి ఇవాళే చెప్పండి. కారణం కిందికి వచ్చాక రాస్తాను.

ఆరు పేజీల ఉత్తరంలో నాలుగు పేజీలు ఆయన ఎంత మోసగాడో రాశారు. దావాలో దానికి చోటు లేదు. కేసు తేల్చే మాటను మాత్రం బ్రాకెట్లో పడేసి దాటిపోయారు: మొదటి మూడు నెలలు ఫోన్‌పేలో వేశాడు. 2022లోనే ఇల్లు కొనుక్కున్నానంటున్న మనిషి 2024 మార్చిలో మీకు కిరాయి ఎందుకు కట్టాడు? ఆయన వకీలు చెమటోడ్చాల్సింది ఇక్కడే. అమ్మకం అగ్రిమెంటు రాసుకున్నంత మాత్రాన పాత కిరాయి సంబంధం దానంతటదే తెగిపోదు. 'నేటి నుంచి కిరాయి లేదు, కొనుగోలుదారుగానే ఉంటాడు' అనే అర్థం ఆ కాగితంలో ఉందా లేదా అన్నది చూడాలి. ఒకవేళ ఉన్నా, ఆ తర్వాత కిరాయి కట్టాడంటే ఆ వాక్యం పస తగ్గిపోతుంది. మిమ్మల్ని ఓనరుగా ఒప్పుకుని కిరాయి వేసినవాడు, అదే ఇంట్లో కూర్చుని 'నువ్వు ఓనరువు కావు' అంటే చట్టం తేలిగ్గా ఒప్పుకోదు. పాత సాక్ష్య చట్టంలో ఇది 116వ సెక్షన్, 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో 122.

అయితే మీరు పంపింది మసక స్క్రీన్‌షాట్. 'మార్చ్ రెంట్' అన్న మాట కనిపిస్తోంది గానీ తేదీ సగం తెగిపోయింది. బ్యాంకుకు వెళ్లి ఆ మూడు నెలల స్టేట్‌మెంటు ముద్ర వేయించి తెచ్చుకోండి. ఫోన్‌లోని మెసేజ్‌లు కోర్టులో పెట్టాలంటే అదే చట్టం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. అందుకే ఆ ఫోన్ అమ్మవద్దు, మనవడికి ఆడుకోవడానికి ఇవ్వవద్దు. 2022 జూన్ నుంచి మీరు కొనేదాకా ఆయన పాత ఓనరుకు కూడా కిరాయి వేసి ఉంటే ఆ స్టేట్‌మెంటు ఇంకా బలం.

ఇప్పుడు మీ తప్పు. ఈసీ (ఆస్తి మీద రిజిస్టర్ అయిన లావాదేవీల పట్టిక) తీశారు, లింకు డాక్యుమెంట్లు చూశారు, గోడలు కొలిపించారు. ఇంట్లో ఉన్నవాణ్ణి మాత్రం 'నీకేమైనా హక్కుందా' అని అడగలేదు. రిజిస్టర్ కాని అగ్రిమెంటు ఈసీలో కనిపించదు. ఆస్తి బదిలీ చట్టం 3వ సెక్షన్ ఏమంటుందంటే, ఇంట్లో మనిషి ఉన్నాడంటే ఆయన హక్కేమిటో కొనేవాడికి తెలిసినట్టే లెక్క. 'నాకు తెలియదు సార్' అంటే చెల్లదు. కొనేముందు కిరాయిదారుతో 'నేను నెలకు ఇంత కట్టే కిరాయిదారును, వేరే హక్కు లేదు' అని ఒక కాగితం రాయించుకుని ఉంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు. కిరాయి కోసం ఇల్లు కొనేవాళ్లలో పదిమందికి ఒక్కరు కూడా ఆ పని చేయరు, మొహమాటమట!

ఇంత చేసినా మిమ్మల్ని గడువు కాపాడుతోంది. 2022 జూన్ కాగితంలో మూడు నెలల వాయిదా ఉందంటున్నారు. ఆ వాయిదా సెప్టెంబరులో ముగిసింది. రిజిస్ట్రేషన్ చేయించమని దావా వేయడానికి అక్కడి నుంచి మూడేళ్లు. 2025 సెప్టెంబరుతో అయిపోయింది. ఆయన ఈలోపే దావా వేసి ఉంటే లెక్క మారుతుంది. కోర్టు కేసుల వెబ్‌సైట్ ఈ-కోర్ట్స్‌లో ఆయన పేరు, పాత ఓనరు పేరు కొట్టి చూడండి. అగ్రిమెంటు రిజిస్టర్ కాలేదు కనుక దాన్ని చూపి స్వాధీనం నిలుపుకునే రక్షణ, ఆస్తి బదిలీ చట్టం 53-ఎ, కూడా దొరకదు. జెరాక్సు మీద స్టాంపు వెండరు రాసిన నంబరు, అమ్మిన తేదీ, ఎవరి పేరున అమ్మాడో చదవండి. తేడా ఉంటే వెండరు రిజిస్టరును కోర్టుకు తెప్పించమని అడగవచ్చు.

ఆ 5 లక్షలు నిజంగానే ఇచ్చి ఉంటే మాత్రం చిక్కుంది. ఆ బయానాకు ఇంటి మీద ఛార్జ్ (ఇంటి నుంచే బాకీ రాబట్టుకునే హక్కు) ఉందని ఆయన వాదించగలడు, మీకు తెలిసినట్టే లెక్క కనుక అది మీ దాకా వస్తుంది. కాబట్టి పాత ఓనరును వదలవద్దు. మీ సేల్ డీడ్‌లో 'ఎవరికీ అమ్మలేదు, ఏ వివాదమూ లేదు, వస్తే నేనే భరిస్తాను' అనే పేరా ఉంటుంది. అది పట్టుకుని ఆయనకూ నోటీసు ఇవ్వాలి. పాత ఓనరు మీద దావాకు మీకున్న మూడేళ్లూ జెరాక్సు చూసిన రోజు నుంచే నడుస్తున్నాయనుకుని కదలండి.

ఇక తాళం సంగతి. మీరు బలవంతంగా ఖాళీ చేయిస్తే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేసి ఆయన లోపలికి తిరిగొస్తాడు. అక్కడ మీ రిజిస్టర్డ్ డాక్యుమెంటు చూడరు. మనిషి ఇంట్లో ఉన్నాడా, చట్టప్రకారం కాకుండా బయటపెట్టారా, ఇంతే. దాని మీద అప్పీలు కూడా లేదు. పైగా క్రిమినల్ కేసు పెడతాడు, 'బీరువాలో బంగారం పోయింది' అని కలుపుతాడు. ఇవాళ కిరాయి ఎగ్గొట్టినవాడుగా ఉన్నాయన రేపటికి బాధితుడవుతాడు. కరెంటు తీసినా ఇంతే.

చేయాల్సిన పని చిన్నది. వకీలు ద్వారా ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు, పోస్టులో అక్నాలెడ్జిమెంటుతో. తీసుకోకుండా తిప్పి పంపితే కవరు చింపకుండా దాచండి. కార్పొరేషన్ పరిధిలో 9 వేల కిరాయి కనుక రెంట్ కంట్రోలర్ దగ్గరికి కాదు, హనుమకొండ అదాలత్ ప్రాంతంలోని సివిల్ కోర్టుకే వెళ్లాలి. ఖాళీ చేయించమని, 1,80,000 బకాయి ఇప్పించమని, ఖాళీ చేసేదాకా నష్టపరిహారం ఇప్పించమని ఒకే దావాలో అడగండి. కిరాయిదారు మీద వేసే దావాకు స్వాధీనం వరకు కోర్టు ఫీజు ఏడాది కిరాయి మీదే. టైటిల్ (ఓనరెవరో తేల్చే) దావాగా వేస్తే ఇంటి విలువ మీద కట్టాలి. ఫోన్‌పే రుజువు ఇక్కడ కూడా డబ్బు మిగులుస్తుంది. దావా వేశాక కిరాయి కోర్టులో జమచేయమని సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 15-ఎ కింద పిటిషన్ వేయించండి. జమ చేయకపోతే ఆయన డిఫెన్సునే కొట్టేయమని అడగవచ్చు. మీ వయసు చూపించి త్వరగా విచారించమని కూడా కోరవచ్చు. ఆయన ముందే ఇంజంక్షన్‌కు పోతే మీ మాట వినకుండా కోర్టు ఆర్డరు ఇవ్వకుండా కేవియట్ వేసి ఉంచండి, అది 90 రోజులు పనిచేస్తుంది.

ఆలస్యం చేస్తే నష్టం మీకే. బకాయి కిరాయికి గడువు మూడేళ్లు. 2027 మధ్య నుంచి నెలకొక 9 వేలు రాలిపోతూ ఉంటాయి. మీరు కొనకముందు ఆయన పాత ఓనరుకు బాకీ పడ్డ కిరాయిని మాత్రం మర్చిపోండి, అది మీది కాదు.

పైపోర్షన్ల 11 నెలల అగ్రిమెంట్లు పక్కా అని ధైర్యంగా రాశారు. ఏడాది లోపు అయితే రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్నది వేరే రాష్ట్రాల సంగతి. రిజిస్ట్రేషన్ చట్టానికి 1999లో చేసిన సవరణ తర్వాత మన దగ్గర ఎంత చిన్న లీజైనా రిజిస్టర్ చేయాల్సిందే. లేకపోతే అందులోని షరతులు కోర్టులో నిలవవు, 'ఫలానావాడు కిరాయికే ఉన్నాడు' అని చూపడం వరకే పనికొస్తాయి. ఈసారి రెన్యువల్‌కు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయి చేయించుకోండి. కిరాయిలు బ్యాంకులోనే వేయించుకోండి.

ఇంకొకటి. నోటీసు అందాక ఆయన భయపడి ఒక నెల 9 వేలు ఫోన్‌పేలో వేస్తాడు. పడ్డాయి కదా అని ఊరుకుంటే 'నోటీసు వదులుకున్నారు' అని వాదిస్తాడు. ఆ రోజే 'ఇది పాత బకాయి కింద తీసుకుంటున్నాను, నోటీసు అలాగే ఉంది' అని వాట్సాప్‌లో రాసి, నాకు ఫోన్ చేయండి.