ముసలి వేరు, ముసలితనం వేరు

సందేహం: ఆయుర్వేద మందుల కొట్లో సీసా మీద ‘సఫేద్ ముస్లీ’ అని ఉంది. దీన్ని తెలుగులో ‘తెల్ల ముసలి’ అనవచ్చా? ముసలితనాన్ని పోగొడుతుంది కనుక ఆ పేరొచ్చిందని కొట్టాయన చెప్పాడు. నిజమేనా?

సమాధానం: కొట్టాయనకు సరుకు అమ్ముడుపోతే చాలు, నిఘంటువుతో పనేముంది? మన ‘ముసలి’ అచ్చతెలుగు. ముది, ముదుక, ముదుసలి దాని చుట్టాలు. సీసా మీది ముసలి సంస్కృతం. ముసలం అంటే రోకలి. దుంప నిడుపుగా, నిటారుగా భూమిలోకి దిగుతుంది కనుక మొక్క ‘ముసలీ’ అయింది. ‘పార్టీలో ముసలం’ అని రోజూ రాసే పత్రికలవారికి కూడా ఆ రోకలి ఇక్కడ కనపడకపోవడం వింతే.

అమరకోశంలో ఈ మాట మూడు చోట్ల తగులుతుంది. ‘తాలాంకో ముసలీ హలీ’ అన్నచోట బలరాముడు. ‘ముసలీ గృహగోధికా’ అన్నచోట బల్లి. దాని జోలికి ఇప్పుడు పోను. ‘ముసలీ తాలమూలికా’ అన్నచోట మన మొక్క. బలరాముడి జెండా మీద తాడిచెట్టు, చేతిలో రోకలి. ఈ మొక్కకు ఆకు తాడిది, దుంప రోకలిది! అమరసింహుడు కావాలని కలిపి ఉండడు గానీ, చదివినప్పుడల్లా ముచ్చటేస్తుంది.

ఈ తాలమూలికే మన నేలతాడి, బజారులో నల్ల ముసలి. తాటిటెంక పాతితే మొదట లేచే మడతల ఆకును చూశారా? అలాంటివే నాలుగైదు నేలలోంచి నేరుగా వస్తాయి. ఆరు రేకుల పసుపు పువ్వు మట్టిని ఆనుకునే పూస్తుంది. అండాశయం మట్టిలోనే దాగి ఉంటుంది. దుంప పైకి నలుపు, కోస్తే తెలుపు. లాటిన్‌లో దీని ప్రజాతి పేరు కర్క్యులిగో. గింజకు ముక్కులాంటి కొన ఉండడంతో ముక్కుపురుగు పేరు తెచ్చి తగిలించారు. నేలవేము, నేలఉసిరి, నేలతంగేడు వరసలో ‘నేలతాడి’ అన్న మనవాళ్ల చూపే నాకు నచ్చుతుంది.

మీరడిగిన తెల్లది క్లోరోఫైటమ్ అనే ప్రజాతి, వేరే కుటుంబం. అది ఒంటి రోకలి కాదు, ఒకే మొదలు నుంచి దిగిన వేళ్ల గుత్తి. దుంప అంటారు గానీ నిజానికి ఊరిన వేరు. మొలకెత్తే కన్ను పైనున్న మొదలులోనే ఉంటుంది. అందుకే విత్తనానికి విడదీసేటప్పుడు ప్రతి వేరుకూ ఆ మొదలు ముక్క అంటి ఉండాలి. లేకపోతే మొలవదు, కుళ్లిపోతుంది. ఆకులు ఎండి, వేరు తొక్క గోధుమరంగుకు తిరిగాక తవ్వి, తొక్క తీసి ఎండబెడతారు. తొందరపడి తవ్వితే సన్నగా వడిలి, తెలుపు రాదు.

ఇక తీర్పు. నదీ ‘నది’ అయినట్టే ముసలీ ‘ముసలి’ అవుతుంది, కాబట్టి ‘తెల్ల ముసలి’ తప్పనలేను. కానీ చదివేవాడికి తలనెరిసిన తాత కనిపిస్తాడు. ‘శ్వేతముసలి’ అనండి, లేదా ‘తెల్లముసలి వేరు’ అనండి. ‘ముస్లీ’ మాత్రం వద్దు. హిందీవారు నడిమి అకారాన్ని మింగితే మనమూ మింగాలా?

నల్లదాన్ని నేలతాడి అనే రాయండి. గడ్డ చేరితే నేలతాటిగడ్డ. ‘నేలతాడిగడ్డ’ అనేవారూ ఉన్నారు. తాడిచెట్టును ఒప్పుకున్నవాళ్లం, దీన్ని మాత్రం ఎలా కాదంటాం?